వర్చువల్ మెషీన్‌లో నెట్ రాకపోతే

కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్‌ను వర్చువల్ మెషీన్ అంటారు. విద్యార్థుల వాడుకలో అది వీఎం. అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అని, దానిలో నడిచేదాన్ని గెస్ట్ అని పిలుస్తారు. గెస్ట్‌కు సొంత హార్డ్‌డిస్క్, సొంత మెమరీ, సొంత నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి అన్నీ హోస్ట్ పంచి ఇచ్చినవే. ఇంటర్నెట్‌కు వెళ్లే దారి కూడా హోస్ట్ ఇచ్చినదే. అందుకే హోస్ట్‌లో నెట్ బాగానే వస్తూ గెస్ట్‌లో మాత్రం రాకపోవడం వీఎం వాడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఆ లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతిని, దానికి వెనకున్న కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా మార్కాపురం వెళ్లే దారిలో ఉన్న పొదిలి లాంటి ఊళ్లో ఈ ఇబ్బంది ఒక ప్రత్యేకమైన రూపంలో వస్తుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లల దగ్గర ఉండేది ఒక్క లాప్‌టాప్. అందులో విండోస్ ఉంటుంది. ల్యాబ్‌కు లినక్స్ కావాలి కాబట్టి వర్చువల్‌బాక్స్ అనే వీఎం సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, దానిలో ఉబుంటు అనే లినక్స్ వేసుకుంటారు. సాయంత్రం ఉబుంటులో ఏదో ప్యాకేజీ దిగుతూ ఉంటుంది, ఇంతలో కరెంటు పోతుంది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, గోడకున్న ఫైబర్ పెట్టెకు లేదు. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి లాప్‌టాప్‌ను దానికి కలుపుతారు. విండోస్‌లో నెట్ వస్తుంది, వాట్సాప్ తెరుచుకుంటుంది. ఉబుంటులో మాత్రం ఒక్క సైటూ తెరుచుకోదు. కార్డు పనిచేస్తోందని గుర్తు చూపిస్తూనే ఉంటుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి వీఎంను తీసేసి మళ్లీ మొదటి నుంచి వేస్తారు. ఆ శ్రమ ఏమీ అక్కర్లేదు. ఈ సందర్భంలో చెడింది ఒక్క చిన్న అంకె. దాని సంగతి కింద వస్తుంది.

దారి

నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ దారి కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. చేలో నీళ్లు లేవంటే తప్పు పిల్లకాలువలో ఉందో, తూములో ఉందో, మేజరులో ఉందో, అసలు పైనుంచే వదల్లేదో, గట్టు వెంట నడిచి చూసుకుంటూ పోవాలి. చేలో నిలబడి ఎంతసేపు తవ్వినా లాభం లేదు. వీఎంలోని సమాచారం కూడా ఇలాగే మడవ తర్వాత మడవ దాటుతుంది. గెస్ట్‌లోని కార్డు నుంచి హోస్ట్‌లోని వర్చువల్ స్విచ్‌కు, అక్కడి నుంచి హోస్ట్ వైఫైకి, వైఫై నుంచి ఇంటి రౌటర్‌కో ఫోన్‌కో, అక్కడి నుంచి కేబుల్ మీదుగానో టవర్ మీదుగానో కంపెనీ పరికరాలకు, ఆ తర్వాత బయటి ప్రపంచానికి.

చివరి అంచె గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, ఫోన్, టీవీ మూడూ ఇస్తామన్నది దాని మొదటి వాగ్దానం. ఖర్చు తగ్గించడానికి, పని త్వరగా సాగడానికి కేబుల్‌ను భూమిలో పూడ్చకుండా చాలా చోట్ల విద్యుత్ స్తంభాల మీదుగానే లాగారు. చిన్న ఊళ్లకు ఫైబర్ అంత తొందరగా చేరడానికి కారణం అదే. గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ కలిసి పోవడానికీ అదే కారణం. కాబట్టి వీఎంలో నెట్ లేదన్న ఫిర్యాదు వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న గెస్ట్ గురించి కాదు. హోస్ట్‌లో నెట్ ఉందా, ఉంటే ఏ దారిన వస్తోంది, ఇందాకటి దారేనా, మారిందా?

వీఎం ఎక్కడి నుంచి వచ్చింది

ఒక యంత్రంలో అనేక యంత్రాలు నడపాలన్న ఆలోచన లాప్‌టాప్‌లతో పుట్టింది కాదు. ఐబీఎం సంస్థ కేంబ్రిడ్జ్ పరిశోధన కేంద్రంలో 1960ల్లో దాన్ని రూపొందించి, 1972 ఆగస్టులో వీఎం/370 పేరుతో ప్రకటించింది. మామూలు కంప్యూటర్లకు ఆ సదుపాయాన్ని దించిన వీఎంవేర్ 1998లో మొదలై, మరుసటి ఏడాది వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. మన విద్యార్థులు ఎక్కువగా వాడే వర్చువల్‌బాక్స్‌ను జర్మనీకి చెందిన ఇన్నోటెక్ 2007లో బయటకు తెచ్చింది. అది 2008లో సన్ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి వెళ్లింది. లినక్స్ కెర్నల్‌లో వీఎంలు నడిపే కేవీఎం కలిసింది కూడా 2007లోనే. తెలుగు నేల మీద 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసి ఇంజనీరింగ్ కళాశాలల్లోకి తీసుకెళ్లింది. ఉన్న విండోస్‌ను చెరపకుండా అలాంటి లినక్స్‌ను రుచి చూడాలంటే వీఎంకు మించిన దారి లేదు.

కలిపే తీరులు

గెస్ట్‌ను నెట్‌వర్క్‌కు కలపడానికి ప్రధానంగా మూడు తీరులున్నాయి. వర్చువల్‌బాక్స్ ఏమీ అడక్కుండా తనంతట తాను పెట్టేది నాట్. ఇందులో గెస్ట్ బయటివాళ్లకు కనిపించదు. గెస్ట్ ఏది అడిగినా హోస్ట్ తన పేరు మీద తెచ్చి పెడుతుంది. ఇంట్లో పిల్లాడికి కావాల్సినవన్నీ పెద్దవాళ్ల పేరుతో ఖాతా రాయించి తెచ్చినట్టు. ఈ తీరులో గెస్ట్‌కు 10.0.2.15 అనే చిరునామా వస్తుంది, గేట్‌వే 10.0.2.2. ఎవరి లాప్‌టాప్‌లో చూసినా ఇవే అంకెలు. వాటిని గుర్తుపెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఆ అంకెలు కనిపించాయంటే మొదటి మడవ తెరిచే ఉన్నట్టు. లినక్స్ హోస్ట్ మీద కేవీఎం వాడేవాళ్లకు 192.168.122తో మొదలయ్యే చిరునామా కనిపిస్తుంది. వీఎంవేర్‌లో ఈ పని వీఎంనెట్8 చూస్తుంది.

రెండోది బ్రిడ్జ్. గెస్ట్ నేరుగా ఇంటి రౌటర్‌నే చిరునామా అడుగుతుంది, ఇంట్లో మరో ఫోను చేరినట్టు నెట్‌వర్క్‌లో మరో పరికరంగా చేరుతుంది. మూడోది హోస్ట్-ఓన్లీ. ఇందులో గెస్ట్, హోస్ట్ మాత్రమే మాట్లాడుకుంటాయి, బయటికి దారే ఉండదు. వర్చువల్‌బాక్స్‌లో దీని చిరునామాలు 192.168.56తో మొదలవుతాయి. నెట్ రావడం లేదని గంటలు పోగొట్టుకున్న తర్వాత, ల్యాబ్ పుస్తకంలో చెప్పారని హోస్ట్-ఓన్లీ పెట్టి మర్చిపోయామని తేలడం మామూలే. అది లోపం కాదు, ఆ తీరు స్వభావమే అంత. రెండూ కావాలంటే గెస్ట్‌కు రెండు కార్డులు ఇచ్చి, ఒకటి నాట్‌కు, ఇంకొకటి హోస్ట్-ఓన్లీకి పెట్టుకోవాలి.

ఒక్కో మడవ దగ్గర ఆగి చూడటం

హోస్ట్ బాగుందని తేలాక గెస్ట్‌లో మొదట చూడాల్సింది దాని ఐపీ చిరునామా. అది సరిగా లేకపోతే మూడు రకాల జవాబులు రావచ్చు. అసలు కార్డే కనిపించకపోతే ఆ కార్డుకు తగిన డ్రైవర్ గెస్ట్‌లో లేదని అర్థం. విండోస్ గెస్ట్‌లో విర్టియో రకం కార్డు పెట్టినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. కార్డు ఉండి చిరునామా లేకపోతే కార్డును ఎవరూ లేపలేదన్నమాట. సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ చిన్న కూర్పును ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్‌వర్క్ మీటను చేత్తో ఆన్ చేయకపోతే మొదటి బూట్ నుంచీ ఇదే పరిస్థితి. వేరేచోట తయారైన వీఎంను తెచ్చుకున్నప్పుడు కార్డు పేరు మారిపోవడం ఇంకో కారణం: సెట్టింగుల ఫైలు ఒక పేరు కోసం వెతుకుతుంటుంది, కార్డు మరో పేరుతో కూర్చుని ఉంటుంది.

మూడో జవాబు 169.254తో మొదలయ్యే చిరునామా. ఇది చూసి చిరునామా వచ్చిందిలే అనుకుంటారు, కానీ రాలేదు. చిరునామా ఇచ్చేవాళ్లు ఎవరూ పలకనప్పుడు యంత్రం తనకు తానే పెట్టుకునే అంకె అది. విండోస్ గెస్ట్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూడగానే గెస్ట్ లోపల వెతకడం మానేసి, వీఎం సెట్టింగులకు వెళ్లాలి. నెట్‌వర్క్ విభాగంలో కేబుల్ కనెక్టెడ్ అనే గడిలో టిక్ ఉందా, బ్రిడ్జ్ అయితే ఏ కార్డుకు ముడి పడి ఉంది అన్నవి చూడాలి. లాప్‌టాప్ వైఫై మీద నడుస్తుంటే బ్రిడ్జ్ మాత్రం వైరు పెట్టని ఈథర్నెట్ కార్డుకు ముడిపడి ఉండటం చాలాసార్లు కనిపిస్తుంది.

చిరునామా సరిగా ఉంటే గేట్‌వేను, ఆ తర్వాత 8.8.8.8 లాంటి బయటి అంకెను, చివరగా ఒక సైటు పేరును పింగ్ ఆదేశంతో పలకరించాలి. ఈ వరస మార్చకూడదు. ఎక్కడ ఆగిందో అక్కడి మడవే మూసుకుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పింగ్ పలకలేదన్నంత మాత్రాన నెట్ లేదని తీర్మానించకూడదు. వర్చువల్‌బాక్స్ నాట్‌లో పింగ్‌కు పరిమితులున్నాయి, క్యూఈఎంయూ అనే మరో వీఎం సాఫ్ట్‌వేర్ యూజర్ తీరులోనైతే మామూలుగా పింగ్ బయటికే పోదు, హోస్ట్ ఫైర్‌వాల్ కూడా దాన్ని ఆపవచ్చు. కర్ల్ అనే ఆదేశంతో ఒక పేజీని తెప్పించి చూడటం నమ్మదగ్గ పరీక్ష.

అరుదైనదే కానీ తల తినేసే మరో చిక్కు చిరునామాల ఢీ. కళాశాల నెట్‌వర్కే 10.0.2తో మొదలయ్యే అంకెలు వాడుతుంటే, ల్యాబ్ సర్వర్ 10.0.2.40 అయితే, నాట్‌లో ఉన్న గెస్ట్ ఆ సర్వర్‌ను తన పక్కింట్లోనే వెతుకుతుంది. మిగతా సైట్లన్నీ తెరుచుకుంటాయి, ల్యాబ్ సర్వర్ ఒక్కటే తెరుచుకోదు. నాట్ వాడే అంకెల వరసను మార్చడమే దీనికి మందు.

పేర్లు తెలియకపోవడం

కరెంటు పోయిన సాయంత్రం సంగతికి వద్దాం. ఆ ఉబుంటులో చిరునామా 10.0.2.15 అలాగే ఉంది. 8.8.8.8కు దారి ఉంది. సైటు పేరు రాస్తేనే తెలియడం లేదు. అంటే చెడింది డీఎన్ఎస్, పేరును అంకెగా మార్చే ఏర్పాటు. వర్చువల్‌బాక్స్ నాట్ మామూలుగా హోస్ట్ ఆ సమయంలో ఏ డీఎన్ఎస్ సర్వర్‌ను వాడుతుందో దాని చిరునామానే గెస్ట్ చేతికిస్తుంది. ఫైబర్ మీద ఉన్నప్పుడు అది ఇంటి రౌటర్, ఉదాహరణకు 192.168.1.1. హాట్‌స్పాట్‌కు మారాక హోస్ట్‌కు కొత్త సర్వర్ వచ్చింది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లయితే అది 192.168.43.1. గెస్ట్ మాత్రం కరెంటు లేక ఆగిపోయిన రౌటర్‌నే ఇంకా అడుగుతూ కూర్చుంది. గెస్ట్ దృష్టిలో ఏదీ మారలేదు, దాని కార్డు ఊడలేదు, కొత్త చిరునామా అడగాల్సిన అవసరమే దానికి తోచలేదు.

అప్పటికప్పుడు చేయాల్సిందల్లా వీఎం మెనూలో వర్చువల్ కేబుల్‌ను ఊడదీసి మళ్లీ పెట్టడం. గెస్ట్ మళ్లీ చిరునామా అడుగుతుంది, కొత్త డీఎన్ఎస్ దానితోపాటే వస్తుంది. శాశ్వతంగా పోవాలంటే డీఎన్ఎస్ పనిని నాట్ యంత్రాంగమే చూసుకునేలా వర్చువల్‌బాక్స్‌కు ఒకసారి చెప్పాలి. అప్పుడు గెస్ట్‌కు 10.0.2.3 అనే మారని అంకె అందుతుంది. బయట ఏ దారి మారినా ఆ సంగతి హోస్ట్ చూసుకుంటుంది. రోజుకు రెండుసార్లు ఫైబర్ నుంచి ఫోనుకు, ఫోను నుంచి ఫైబర్‌కు మారే ఇంట్లో వీఎం పెట్టుకున్న రోజే ఈ సెట్టింగు చేసుకోవాలని గట్టిగా చెప్పాలి.

డీఎన్ఎస్ తప్పులా కనిపించి అది కానిది ఒకటుంది, దానికి బలైనవాళ్లు తక్కువేమీ కాదు. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో కాలం చెల్లింది. దాంతో ప్యాకేజీల జాబితా ఇచ్చే మిర్రర్‌లిస్ట్ అనే పేరునే ఎత్తేశారు. ఆ తర్వాత ఆ వీఎంలో ప్యాకేజీలు దించే యమ్ నడిపితే ఫలానా హోస్ట్ పేరు తెలియడం లేదు అనే సందేశం వస్తుంది. చదివినవాళ్లు నెట్ పోయిందనుకుంటారు. నెట్ నిక్షేపంగా ఉంటుంది, లేనిది ఆ పేరు. పాత ప్యాకేజీలను వాల్ట్ అనే భాండాగారంలోకి మార్చారు కాబట్టి సెట్టింగుల ఫైలులో ఆ చిరునామా రాస్తే పని నడుస్తుంది. హడూప్ ల్యాబ్ కోసం ఏళ్లనాటి క్లౌడెరా క్విక్‌స్టార్ట్ వీఎంను ఒకరి నుంచి ఒకరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవాళ్లకు ఇది మరీ దగ్గరి సమస్య. అందులో ఉన్నది అంతకన్నా పాతదైన సెంట్‌ఓఎస్ 6.

వైఫై మీద బ్రిడ్జ్

బ్రిడ్జ్ తీరు ఈథర్నెట్ వైరు మీద చక్కగా పనిచేసి వైఫై మీద మొండికేస్తుంది. దీనికి కారణం వైఫై కట్టుబాటులోనే ఉంది. వైఫై పెట్టెకు లాప్‌టాప్ ఒకే ఒక మ్యాక్ చిరునామాతో, అంటే కార్డు గుర్తింపు అంకెతో, పరిచయం చేసుకుంటుంది. ఆ తర్వాత అదే లాప్‌టాప్ నుంచి వేరే మ్యాక్‌తో సమాచారం వస్తే, పరిచయం లేని మనిషి ఉత్తరమని పెట్టె దాన్ని పక్కన పడేస్తుంది. వర్చువల్‌బాక్స్ దీన్ని దాటడానికి గెస్ట్ మ్యాక్ స్థానంలో హోస్ట్ మ్యాక్ రాసి పంపుతుంది. వైఫై డ్రైవర్‌ను బట్టి కొన్ని లాప్‌టాప్‌లలో ఇది నడుస్తుంది, కొన్నింటిలో నడవదు. లినక్స్ హోస్ట్‌లో మామూలు బ్రిడ్జ్‌కు వైఫై కార్డును కలపబోతే కెర్నల్ ఒప్పుకోనే ఒప్పుకోదు.

హాస్టళ్లలోనూ, కళాశాలల్లోనూ మరో అడ్డు ఉంటుంది. నమోదు చేసిన మ్యాక్ చిరునామాలకే అక్కడి నెట్‌వర్క్ దారి ఇస్తుంది, లేదా లాగిన్ పేజీలో పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. బ్రిడ్జ్‌లో ఉన్న గెస్ట్ వాళ్ల దృష్టిలో కొత్త పరికరం. విండోస్‌లో లాగిన్ అయిపోయాం కదా అంటే గెస్ట్‌కు అది చెల్లదు. నాట్ పెట్టుకుంటే హోస్ట్ లాగిన్ దానికీ సరిపోతుంది. కళాశాలలో ప్రాక్సీ ఉంటే మాత్రం నాట్ కూడా కాపాడదు. విండోస్ బ్రౌజర్‌లో పెట్టిన ప్రాక్సీ గెస్ట్‌కు తెలియదు, గెస్ట్‌లో విడిగా రాయాలి. ఉబుంటులోనైతే బ్రౌజర్‌కు ఒకచోట, ప్యాకేజీలు దించే ఆప్ట్‌కు ఇంకోచోట. నెట్ చూడటం, ప్యాకేజీలు దించుకోవడం తప్ప వేరే అవసరం లేనివాళ్లకు బ్రిడ్జ్ అక్కర్లేదని, నాటే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గడియారం, కవలలు, పెద్ద పొట్లాలు

పరీక్షల ముందు వీఎంను సేవ్ చేసి మూసేసి, రెండు నెలల తర్వాత తెరిచారనుకుందాం. లోపలి గడియారం సేవ్ చేసిన రోజు దగ్గరే నిలిచిపోయి ఉండవచ్చు. పింగ్ పలుకుతుంది, పేర్లు తెలుస్తాయి, సైట్లు మాత్రం భద్రత లేదని మొరాయిస్తాయి. సైటు చూపే సర్టిఫికెట్‌కు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చేవి మహా అయితే 90 రోజులవి. మొన్న జారీ అయిన సర్టిఫికెట్ రెండు నెలలు వెనకబడిన గెస్ట్‌కు ఇంకా పుట్టనిదిగా కనిపిస్తుంది. ఆప్ట్ కూడా ఈ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు, ఇన్ని రోజులు ఆగాలి అని లెక్కకట్టి మరీ చెబుతుంది. ఆ వాక్యాన్ని ఓపికగా చదివితే జబ్బు పేరు అందులోనే ఉంటుంది. తేదీ సరిచేసి, వర్చువల్‌బాక్స్ ఇచ్చే గెస్ట్ అడిషన్స్‌ను గెస్ట్‌లో వేసుకుంటే ఇది మళ్లీ రాదు.

ఒకే వీఎంను క్లోన్ చేసి స్నేహితులందరూ పంచుకున్నప్పుడు కవలల చిక్కు వస్తుంది. మ్యాక్ మార్చకుండా క్లోన్ చేసి అందరూ ఒకే నెట్‌వర్క్‌లో బ్రిడ్జ్ మీద కూర్చుంటే ఒకరికి నెట్ వచ్చినప్పుడు మరొకరికి పోతుంది. మ్యాక్ మార్చినా ఉబుంటు సర్వర్‌లో మెషీన్ ఐడీ ఒకటే ఉంటే రౌటర్ ఇద్దరికీ ఒకే చిరునామా ఇవ్వవచ్చు. క్లోన్ చేసేటప్పుడే కొత్త మ్యాక్ కావాలని చెప్పాలి, మెషీన్ ఐడీని కొత్తగా పుట్టించాలి.

చిన్న పేజీలు తెరుచుకుని పెద్దవి మధ్యలో నిలిచిపోతుంటే పొట్లం పరిమాణాన్ని అనుమానించాలి. ఈథర్నెట్ పొట్లం 1500 బైట్లు. పీపీపీఓఈ పద్ధతిలో నడిచే బ్రాడ్‌బ్యాండ్‌లో 8 బైట్లు దాని శీర్షికకే పోయి 1492 మిగులుతాయి. వీపీఎన్ ఉంటే ఇంకా తగ్గుతుంది. గెస్ట్‌లో ఎంటీయూను, అంటే పొట్లం గరిష్ఠ పరిమాణాన్ని, 1400కు దించి చూస్తే తేలిపోతుంది. ఇది ఎక్కువగా బ్రిడ్జ్‌లో వస్తుంది. వర్చువల్‌బాక్స్ నాట్‌లో బయటి సంభాషణ అంతా హోస్టే తన లెక్కన నడుపుతుంది కాబట్టి గెస్ట్‌కు ఆ బాధ తగలదు.

లినక్స్ హోస్ట్‌లో డాకర్ అనే కంటైనర్ సాఫ్ట్‌వేర్ వేసిన మరుక్షణం కేవీఎం బ్రిడ్జ్‌లోని గెస్ట్‌కు నెట్ పోవడం కూడా తెలిసిన విషయమే. డాకర్ తన భద్రత కోసం హోస్ట్ మీదుగా దాటిపోయే సమాచారాన్ని ఆపే నియమం పెడుతుంది, గెస్ట్ ఆ నియమానికి చిక్కుతుంది.

బయటి నుంచి లోపలికి

ఇంతవరకు లోపలి నుంచి బయటికి వెళ్లే దారి గురించే చెప్పుకున్నాం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వచ్చేసరికి తిరుగు దారి కావాలి: గెస్ట్‌లో నడిచే వెబ్‌సైటును వేరేచోట ఉన్న స్నేహితుడు చూడాలి. నాట్‌లో బయటివాళ్లు గెస్ట్‌ను చేరలేరు కాబట్టి మొదట వర్చువల్‌బాక్స్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాలి. హోస్ట్ పోర్టు 2222కు వచ్చింది గెస్ట్ పోర్టు 22కు పంపు అన్నట్టు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు అది చాలు. బయటి ఊరివాళ్లకు ఇంటి రౌటర్‌లో కూడా అలాంటి నియమమే రాయాలి. అయినా కుదరకపోతే రౌటర్ పేజీలో దాని బయటి చిరునామా చూడాలి. అది 100.64 నుంచి 100.127 లోపల మొదలయ్యే అంకె అయితే కంపెనీ దగ్గర మూడో నాట్ ఉన్నట్టు. ఐపీవీ4 అంకెలు చాలక వేలమంది చందాదారులను ఒకే చిరునామా వెనక కూర్చోబెట్టే ఏర్పాటు కోసం 2012లో ప్రత్యేకించిన వరస అది. మొబైల్ నెట్‌లో ఇలాంటి నాట్ దాదాపు తప్పదు. ఆ మడవ తాళం మన చేతిలో ఉండదు.

అలాంటప్పుడు విద్యార్థులు చేసే పని బయట పబ్లిక్ చిరునామా ఉన్న చిన్న సర్వర్‌ను అద్దెకు తీసుకుని, గెస్ట్ లోపలి నుంచే దానికి ఎస్ఎస్‌హెచ్ సొరంగం తవ్వడం. లోపలి నుంచి బయటికి వెళ్లే సంభాషణను ఏ నాటూ ఆపదు కాబట్టి తిరుగు దారి దానిలోనే దొరుకుతుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే తన క్లౌడ్ కేంద్రాన్ని తెరిచింది గనక ఆ సర్వర్‌ను దగ్గర్లోనే తీసుకోవచ్చు. అద్దెకు వచ్చేది కూడా మరో వీఎమే. అక్కడ పోర్టు తెరుచుకోకపోతే ముందు చూడాల్సింది సెక్యూరిటీ గ్రూప్ నియమాలు, ఆ తర్వాతే ఆ వీఎం లోపలి ఫైర్‌వాల్.